‘కన్సిడర్’లో చుక్కలున్నాయా?

ప్రశ్న: నేను పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతిలో ‘కన్సిడర్’ అన్న మాట వచ్చింది. ఒక పిల్లవాడు లేచి, “అందులో సైడ్ ఉంది కదా టీచర్, అంటే పక్కన పెట్టడమా?” అన్నాడు. కాదు నాన్నా, అది నక్షత్రాల నుంచి వచ్చిన మాట, ‘నక్షత్రాలతో ఉండడం’ అని దాని అసలర్థం అని, ఫోన్లో ఎక్కడో చదివింది చెప్పాను. పిల్లలకు భలే నచ్చింది. స్టాఫ్ రూములో మా ఫిజికల్ సైన్స్ మాస్టారు మాత్రం, “ఇవన్నీ వాట్సాప్ కథలు. పైగా పిల్లలకు జాతకాల పిచ్చి ఎక్కిస్తున్నారు” అన్నారు. నేను చెప్పింది తప్పా? అసలు ఈ ఒక్క మాటకి ఇన్ని అర్థాలేమిటి? పొలం కాగితాల్లో కన్సిడరేషన్ అంటే డబ్బు. కన్సిడరేట్ అంటే మంచి మనిషి. కన్సిడరబుల్ అంటే చాలా ఎక్కువ. ‘కన్సిడర్ యాజ్’ అని రాస్తే ఒకరు తప్పంటారు, ఇంకొకరు ఒప్పంటారు. పిల్లలకు ఏం చెప్పమంటారు?

జవాబు:

టీచరు గారూ,

మీరు చెప్పింది వాట్సాప్ కథ కాదు. పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా పండితులు చెబుతూ వస్తున్న మాటే. ‘నక్షత్రాలతో ఉండడం’ అన్న ముక్క మాత్రం సరికాదు, దాన్ని దిద్దుకోవాలి. మీ మాస్టారి అనుమానంలోనూ కొంత న్యాయం ఉంది. అది ఎంతవరకో కూడా చెబుతాను.

ముందు ఆ పిల్లవాడి ప్రశ్న. మాటను విరిచి లోపల ఏముందో చూడబోయాడు చూడండి, ఆ పద్ధతి మంచిది. విరిచిన చోటే తప్పింది. ‘సైడ్’ ఇంగ్లీషుకు పుట్టింటి మాట, జర్మానిక్ భాషల కుటుంబానిది. ‘కన్సిడర్’ బయటి నుంచి వచ్చింది. 14వ శతాబ్దం చివర్లో పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి దిగింది. ఫ్రెంచికి అది లాటిన్ ఇచ్చిన ఆస్తి. లాటిన్‌లో ఆ క్రియ ‘కొన్సిదెరారె’. దాన్ని విరిస్తే ‘కొన్’, ‘సిదెర్’ అని రెండు ముక్కలు వస్తాయి. రెండోది ‘సీదుస్’ అనే నామవాచకానికి విభక్తులు చేరినప్పుడు వచ్చే రూపం. సీదుస్ అంటే చుక్క, ముఖ్యంగా చుక్కల గుంపు. ఒంటి చుక్కకు వాళ్లు ఎక్కువగా ‘స్తెల్లా’ అనేవారు. మనవాళ్లు పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికల లాంటి గుంపు సీదుస్.

‘కొన్’కు ‘తో, కలిసి’ అన్న అర్థం ఉన్నమాట నిజమే. ‘నక్షత్రాలతో ఉండడం’ అన్న వివరణ అక్కడే పుట్టింది. కానీ క్రియ ముందు చేరినప్పుడు అది చాలాసార్లు ‘బాగా, పూర్తిగా’ అన్న బలాన్ని మాత్రమే ఇస్తుంది. కాబట్టి ఆ మాటను చుక్కలను బాగా పరికించి చూడడం అని విప్పుకోవాలి. చుక్కలతో కూర్చోవడం, వాటితో ఏకం కావడం లాంటివి ఈ మధ్య ధ్యానం గురించి రాసేవాళ్లు తగిలించిన మెరుగులు. వాటిని తరగతిలోకి రానివ్వకండి.

ఇంతకీ ఈ వివరణ మొదట ఎవరు చెప్పారు? క్రీ.శ. 2వ శతాబ్దంలో సెక్స్‌టుస్ పాంపెయుస్ ఫెస్టుస్ అనే రోమన్ పండితుడు ఒక నిఘంటువు కూర్చాడు. అది పూర్తిగా అతని సొంత రచన కాదు. అగస్టస్ చక్రవర్తి మనవలకు చదువు చెప్పిన వెర్రియుస్ ఫ్లాక్కుస్ అనే గురువు రాసిన పెద్ద గ్రంథానికి కుదింపు. ఆ పెద్ద గ్రంథం పోయింది. ఫెస్టుస్ కుదింపుకు ఒకే ఒక్క పాత రాతప్రతి, 11వ శతాబ్దం నాటిది, మిగిలి నేపుల్స్ చేరింది. దానికీ నిప్పు అంటుకుంది. అందులో అక్షరక్రమంలో ‘ఎమ్’ నుంచి ఉన్న రెండో సగమే దొరుకుతుంది. ‘సి’తో మొదలయ్యే మన మాట పోయిన సగంలోది. అదృష్టవశాత్తు 8వ శతాబ్దంలో పౌలుస్ డియాకొనుస్ అనే క్రైస్తవ సన్యాసి ఫెస్టుస్‌ను మరోసారి కుదించి షార్లమేన్ రాజుకు కానుకగా పంపాడు. కుదింపుకు కుదింపు అయిన ఆ పుస్తకంలో ఒక చిన్న వాక్యం నిలిచి ఉంది. దెసిదెరారె, కొన్సిదెరారె అన్న రెండు మాటలూ చుక్కల నుంచి వచ్చాయన్నది నిశ్చయం అని దాని భావం. మీ ఫోనుకు చేరిన సంగతికి మూలం అది. ఒక్క వాక్యం కోసం అన్ని చేతులు పనిచేశాయంటే నాకు ఎప్పుడు తలచుకున్నా గౌరవం కలుగుతుంది.

ఇక మీ మాస్టారి వైపు. ఆ పండితుడు నిశ్చయం అన్నాడు కదా అని మనమూ అనేయలేం. పాతకాలపు పండితులు మాటల పుట్టుకను ఎక్కువగా శబ్దం పోలికను బట్టి ఊహించేవారు, ఆ ఊహలు చాలాచోట్ల తప్పాయి కూడా. ‘కొన్సిదెరారె’ విషయంలో రూపం చక్కగా కుదిరింది, నేటి భాషావేత్తల్లో చాలామంది సీదుస్‌తో సంబంధాన్ని ఒప్పుకుంటారు. చిక్కు అర్థం దగ్గర ఉంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ఇది మొదట జ్యోతిషానికో శకునశాస్త్రానికో చెందిన పారిభాషిక పదం అయ్యుండొచ్చు అంటూనే, లాటిన్ రచయితల్లో అలాంటి వాడుక కనబడదని కూడా వెంటనే చెబుతుంది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమన్ వక్త సిసెరో ఈ క్రియను వాడేనాటికే దాని అర్థం ఇవాళ మనం అనుకునేదే, అంటే పరిశీలించడం, ఆలోచించడం. అంటే మాట ఒంట్లో చుక్క ఉంది. ఆ మాట పలుకుతూ చుక్కల వైపు చూస్తున్న రోమన్ మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకడు.

బైబిల్ తెలిసిన పిల్లలు మీ తరగతిలో ఉంటే ఒక మంచి ఉదాహరణ ఉంది. 4వ శతాబ్దం చివర్లో జెరోమ్ లాటిన్‌లోకి తెచ్చిన బైబిల్లో, మత్తయి సువార్తలో, పొలంలోని లిల్లీ పువ్వులు ఎలా పెరుగుతున్నాయో చూడండి అనే చోట వాడింది ఈ క్రియనే. అక్కడ పువ్వులున్నాయి, చుక్కలు లేవు. అదే లాటిన్ బైబిల్ 8వ కీర్తనలో నీ ఆకాశాన్ని, చంద్రుణ్ని, నక్షత్రాలను చూస్తుంటే అనే చోట మాత్రం ‘చూడడం’ అనే మామూలు క్రియ పెట్టారు. ఇక 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ తెరిస్తే రెండు చోట్లా ‘కన్సిడర్’ కనిపిస్తుంది. లాటిన్‌లో చుక్కల దగ్గర లేని మాట ఇంగ్లీషులో చుక్కల పక్కకే వచ్చి చేరింది. పుట్టుక ఒకటి, వాడుక ఒకటి అని పిల్లలకు చూపించడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు తెలియదు.

చుక్కల కథకు బలమిచ్చే తోబుట్టువు లాంటి మాట ‘కాంటెంప్లేట్’. అందులో ‘తెంప్లుమ్’ ఉంది. రోమన్ శకునగాడు పక్షుల రాకపోకలు చూడడానికి హద్దులు గీసుకున్న చోటును ఆ పేరుతో పిలిచేవారు. గుడి అనే అర్థం తర్వాత వచ్చింది. హద్దు గీసిన చోటును నిదానంగా చూడడం నుంచి లోతుగా ఆలోచించడం వచ్చింది. చూపు నుంచి ఆలోచనకు వెళ్లే దారి లాటిన్‌లో మరోచోట కూడా ఉందన్నమాట. అందువల్ల కొన్సిదెరారె కథ నమ్మదగినదేనని నా అభిప్రాయం. నమ్మదగినది అంటున్నాను, రుజువైనది అనడం లేదు.

జాతకాల పిచ్చి అన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. పాతకాలంలో చుక్కలను చూసినవాళ్లందరూ జాతకం కోసం చూడలేదు. రైతు చూశాడు, నావికుడు చూశాడు. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన కావ్యం మొదటి రెండు పంక్తుల్లోనే, ఏ చుక్క కింద నేల దున్నాలి అన్న ప్రశ్న ఉంది. అక్కడ వాడిన మాట సీదుస్. అంతకు కొన్ని శతాబ్దాల ముందు గ్రీకు కవి హెసియోడ్, కృత్తికలు పొడిచినప్పుడు కోతలు మొదలుపెట్టు, అవి అస్తమించేటప్పుడు దున్ను అని రైతుకు చెప్పాడు. నలభై రోజుల పాటు అవి కనబడకుండా పోతాయనీ రాశాడు.

రోమన్లకు ఇది మరీ అవసరం. వాళ్ల కాగితం మీది పంచాంగం నమ్మదగినది కాదు. క్రీ.పూ. 46లో జూలియస్ సీజర్ దాన్ని సరిచేయించేనాటికి నెలలు రుతువుల నుంచి దాదాపు మూడు నెలలు పక్కకు జరిగిపోయి ఉన్నాయి. వాటిని దారిలో పెట్టడానికి ఆ ఒక్క ఏడాదిని 445 రోజులకు సాగదీశారు. తేదీ చూసి విత్తనం వేస్తే పంట పోయే కాలంలో, చుక్కను చూసి వేసినవాడికి తిండి గింజలు దక్కాయి.

మీ పిల్లల్లో సగం మంది రైతు కుటుంబాల వాళ్లే అయ్యుంటారు కాబట్టి వాళ్లకు కార్తెలు తెలుసు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని నాయనమ్మ అనగా వినే ఉంటారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులను ఒక కార్తె అంటాం, అలా ఏడాదికి 27. కార్తె ఏ చుక్క పేరుతో ఉందో ఆ చుక్క ఆ రోజుల్లో కంటికి కనబడదు, ఎందుకంటే సూర్యుడు దాని దగ్గరే ఉంటాడు, ఆ వెలుగులో అది మునిగిపోతుంది. హెసియోడ్ చెప్పిన నలభై రోజుల మాయం వెనక ఉన్నదీ ఈ కారణమే. మే నెల మధ్యలో మన కృత్తిక కార్తె నడిచేటప్పుడు పిల్లలను కృత్తికలు వెతకమనండి, దొరకవు. ఎందుకు దొరకలేదో వివరించే బాధ్యత మాస్టారికి అప్పగించండి.

ఆయన పాఠ్యాంశంలోనే సీదుస్ ఉందని కూడా చెప్పండి. ‘సైడీరియల్ డే’, నాక్షత్ర దినం అంటారే, ఆ సైడీరియల్ ఈ చుక్కే. ఒక చుక్కను గుర్తుగా పెట్టుకుని కొలిస్తే భూమి తన చుట్టూ తాను తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. ఈలోగా భూమి సూర్యుడి చుట్టూ కూడా కొంచెం ముందుకు జరుగుతుంది కాబట్టి, సూర్యుణ్ని గుర్తుగా పెట్టుకుంటే 24 గంటలు అవుతుంది. ఆ తేడా వల్లే ఏ చుక్కయినా నిన్నటికంటే ఇవాళ సుమారు నాలుగు నిమిషాలు ముందుగా పొడుస్తుంది. నెలకు అది రెండు గంటలు. కార్తెలు మారేదీ, రోమన్ రైతు చుక్కను చూసి నెల పోల్చుకోగలిగిందీ ఈ నాలుగు నిమిషాల పుణ్యమే. ఇంగ్లీషు, సైన్సు టీచర్లిద్దరూ కలిసి ఒక పీరియడ్ చెప్పదగిన సంగతి ఇది. కుదిరితే చెప్పండి.

తరగతిలో ఏం అనాలని అడిగారు. నేనైతే ఇలా అంటాను: “ఈ మాటలో చుక్క అని అర్థమిచ్చే లాటిన్ మాట ఉందని పాతకాలం నుంచి పండితులు అంటున్నారు, ఇప్పటివాళ్లలోనూ చాలామంది ఒప్పుకుంటారు. చుక్కలను శ్రద్ధగా చూసినట్టు ఒక విషయాన్ని శ్రద్ధగా చూడడం అని అర్థం వచ్చి ఉండవచ్చు. కానీ లాటిన్ పుస్తకాల్లో దొరికేనాటికే దాని అర్థం ఆలోచించడం.” తొమ్మిదో తరగతి పిల్లలకు ‘ఉండవచ్చు’ అన్న మాట అర్థమవుతుంది. దాన్ని వాళ్ల నుంచి దాచక్కర్లేదు.

అనుమానం లేని చుక్కల మాటలు కావాలంటే మూడున్నాయి. పుస్తకాల్లో అక్షరం పక్కన పెట్టే ‘ఆస్టరిస్క్’, గ్రీకులో చిన్న చుక్క. ‘డిజాస్టర్’ 16వ శతాబ్దంలో ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చింది, చెడు నక్షత్రం దాని మూలం. గ్రహచారం బాగాలేదు అంటామే, అదే ఆలోచన. ‘ఇన్‌ఫ్లుయెంజా’ కూడా ఇటాలియన్ మాటే, దాని అర్థం ప్రభావం. రోగాలు పైనున్న గ్రహాల ప్రభావంతో వస్తాయని నమ్మిన రోజులవి. 1743లో ఇటలీలో మొదలైన జ్వరం యూరప్‌లో వ్యాపించినప్పుడు ఆ పేరు ఇంగ్లీషుకు అంటుకుంది. జాతకాల నమ్మకం నిజంగా ఉన్న మాటలు చివరి రెండే. ఆ నమ్మకం తప్పని తేలింది, మాట మిగిలింది. మాస్టారి భయానికి ఇది కూడా జవాబే.

ఫెస్టుస్ జతగా చెప్పిన రెండో క్రియను వదిలేస్తే మీ పొలం కాగితాల ప్రశ్నకు జవాబు దొరకదు. ‘దెసిదెరారె’ అంటే లాటిన్‌లో కావాలని తపించడం, లేనిదాని కోసం వెలితి పడడం. చుక్కలు ఏం తెస్తాయా అని ఎదురుచూడడం నుంచి ఆ అర్థం వచ్చిందంటారు. సీజర్ తన యుద్ధాల గురించి రాసిన పుస్తకంలో, క్రీ.పూ. 52లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని గెర్గోవియా దగ్గర దెబ్బతిన్న రోజున ఏడు వందలకు కాస్త తక్కువమంది సైనికులు పోయారని చెప్పడానికి ఈ క్రియనే వాడాడు. లెక్క చూసుకుంటే కనబడనివాళ్లు అన్నమాట. ఆ మాటే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ‘డిజైర్’ అయింది.

ఇప్పుడు కాంట్రాక్టుల చట్టం చూద్దాం. 1872 భారత కాంట్రాక్టు చట్టం 2వ సెక్షన్, డి క్లాజు చెప్పేది ఇది: మాట ఇచ్చినవాడి ‘డిజైర్’ మేరకు అవతలివాడుగానీ, ఇంకెవరైనాగానీ ఒక పని చేసినా, చేయకుండా ఆగినా, చేస్తామని లేదా ఆగుతామని మాట ఇచ్చినా, దాన్ని ఆ మాటకు ‘కన్సిడరేషన్’ అంటారు. ఫెస్టుస్ పక్కపక్కన పెట్టిన రెండు చుక్కల మాటలూ మన చట్టంలో ఒకే వాక్యంలో ఉన్నాయి. చట్టం రాసినవాళ్లు దీన్ని తలచుకుని రాశారని నేను అనడం లేదు. కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చుకునే ప్రతి అమ్మకం దస్తావేజు వెనకా ఈ వాక్యం నిలబడి ఉంది.

డబ్బు అనే అర్థం ఎలా వచ్చిందంటే, ఇంగ్లీషులో కన్సిడరేషన్ మొదట ఆలోచన. తర్వాత, ఆలోచించేటప్పుడు మనసులో పెట్టుకునే కారణం. 16వ శతాబ్దపు ఇంగ్లండు కోర్టుల్లో ఎవడైనా ఇచ్చిన మాట తప్పాడని దావా వేస్తే, ఏం చూసుకుని ఆ మాట ఇచ్చాడు అన్న ప్రశ్న వచ్చేది. ఆ ‘చూసుకున్నది’ కన్సిడరేషన్. అమ్మకంలో మనిషి చూసుకునేది డబ్బే కాబట్టి అక్కడ అది ధర అయింది. మన దస్తావేజుల్లో ప్రతిఫలం అని రాసేది దీన్నే. అది లేని ఒప్పందం సాధారణంగా చెల్లదని 25వ సెక్షన్ చెబుతుంది. మినహాయింపులున్నాయి. దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమాభిమానాలతో రాసుకుని, రిజిస్టరు చేయించిన ఒప్పందం వాటిలో ఒకటి. కాబట్టి ‘కన్సిడరేషన్ అంటే డబ్బు’ అని పిల్లలకు గుండుగుత్తగా చెప్పకండి. ప్రతిఫలం అని చెప్పండి. అది డబ్బు కావచ్చు, పని కావచ్చు, మాట కావచ్చు.

మిగతా అర్థాలూ ఇదే దారిలో నడిచాయి. ఒక విషయం గురించి ఆలోచిస్తే చివరికి ఒక అభిప్రాయానికి వస్తాం. అలా 1530ల నాటికి ‘భావించు’ అనే అర్థం వచ్చింది. ‘కన్సిడరబుల్’ మొదట ఆలోచించదగినది. ఆలోచించదగినంత ఉందంటే తక్కువేమీ కాదు కదా, అలా 17వ శతాబ్దంలో పెద్దది, చాలా అన్న అర్థాలు వచ్చాయి. ‘కన్సిడరేట్’ మొదట్లో ఆలోచించి నడుచుకునే మనిషి మాత్రమే. 1700 ప్రాంతంలో అది ఇతరుల ఇబ్బంది గురించి ఆలోచించే మనిషిగా మారింది. ఈ రెండింటినీ పిల్లలు తారుమారు చేస్తారు. ‘కన్సిడరబుల్ అమౌంట్’, ‘కన్సిడరేట్ నైబర్’ అని జంటలుగా నేర్పితే కలగాపులగం కాదు.

తెలుగులో చెప్పేటప్పుడు ఒక్క మాటతో సరిపెట్టకండి. ఆలోచించు, పరిశీలించు, భావించు, పరిగణించు, నాలుగూ కావాలి. ఆఫీసు ఉత్తరాల్లో కనిపించే ‘పరిగణించు’లో ఉన్నది గణన, లెక్క. వాడు నన్ను లెక్కచేయడు, ఆయన్ని మేం ఇంటిమనిషిగానే లెక్కేసుకుంటాం అనే మన నోటిమాటల్లో ఉన్నదీ లెక్కే. ఇంగ్లీషు కన్సిడర్‌కు ఇవి చక్కగా సరిపోతాయి, పిల్లల నోట ఇప్పటికే ఉన్నాయి. వీటితోనే మొదలుపెట్టండి.

ఇక వాడుక సంగతి. పిల్లలకు నిజంగా మార్కులు పోయేది ఇక్కడ.

అభిప్రాయం చెప్పేటప్పుడు క్రియ తర్వాత మనిషి, ఆ వెంటనే అతని గురించి మాట: ‘ఐ కన్సిడర్ హిమ్ ఎ ఫ్రెండ్’. మధ్యలో ‘టు బి’ పెట్టినా ఒప్పే. ‘యాజ్’ పెట్టి రాసిన మంచి రచయితలు చాలాకాలం నుంచి ఉన్నారు, కాబట్టి అది ఘోరమైన తప్పు అన్నవాళ్ల మాట అతి. కానీ చాలామంది వ్యాకరణ గురువులు దాన్ని వద్దంటారు, పరీక్షల్లో ‘తప్పు దిద్దండి’ కింద అదే ఇస్తారు. కాబట్టి మీ పిల్లలకు ‘యాజ్’ మానేయమనండి. ‘యాజ్’ కావలసింది ‘రిగార్డ్’కు. ఆ రెండు క్రియల అర్థాలు దగ్గరగా ఉండడం వల్లే ఒకదాని అలవాటు ఇంకోదానికి అంటింది. ఒక్క చోట మాత్రం ‘కన్సిడర్డ్ యాజ్’ పూర్తిగా సరైనది. ఒకే మనిషిని ఒక పాత్రలో విడిగా చూసేటప్పుడు, ఉదాహరణకు టాగూర్‌ను చిత్రకారుడిగా మాత్రమే తీసుకుని మాట్లాడేటప్పుడు, ‘టాగూర్ కన్సిడర్డ్ యాజ్ ఎ పెయింటర్’ అనాలి. అక్కడ అది అభిప్రాయం కాదు, చూసే కోణం.

ఒక పని చేద్దామా అని ఆలోచిస్తున్నప్పుడు తర్వాతి క్రియకు ‘ఇంగ్’ రావాలి. ‘వియ్ ఆర్ కన్సిడరింగ్ బయింగ్ ఎ స్కూటర్’. మనవాళ్లు ‘కన్సిడరింగ్ టు బై’ అంటారు, అది సరికాదు. ఈ వాక్యంలో ‘ఆర్ కన్సిడరింగ్’ అని జరుగుతున్న పనిగా చెప్పొచ్చు, ఎందుకంటే ఆలోచన నిజంగా నడుస్తోంది. అభిప్రాయానికి అలా చెప్పకూడదు. ‘ఐ యామ్ కన్సిడరింగ్ హిమ్ ఎ ఫ్రెండ్’ అన్నది మన తెలుగు ‘అనుకుంటున్నాను’ లోంచి జారిపడే తప్పు.

‘కన్సిడర్ అబౌట్’ అసలు లేదు. దేని ‘గురించి’ ఆలోచిస్తామో అది క్రియకు నేరుగా తగిలించాలి. ఇది మన దగ్గర చాలా ఎక్కువ, పెద్దవాళ్ల ఉత్తరాల్లో కూడా. ‘థింక్ అబౌట్’ ఉంది కాబట్టి పిల్లలు దీన్నీ అలాగే అనేస్తారు. దీనికి ప్రత్యేకంగా ఒక పీరియడ్ కేటాయించినా ఎక్కువ కాదు.

‘కన్సిడరింగ్ హిజ్ ఏజ్’ అన్నప్పుడు అది క్రియ పని చేయదు, ‘అతని వయసు చూస్తే’ అన్నట్టు పనిచేస్తుంది. తెలుగులోనూ అక్కడ చూడడమే వస్తుంది కాబట్టి పిల్లలు దీన్ని తొందరగా పట్టుకుంటారు. ‘కన్సిడర్డ్ ఒపీనియన్’ అంటే బాగా ఆలోచించి చెప్పిన అభిప్రాయం, నోటికొచ్చింది కాదు.

సెలవు చీటీలు, దరఖాస్తులు రాయించేటప్పుడు ‘ఐ రిక్వెస్ట్ యు టు కన్సిడర్ మై అప్లికేషన్’ అన్న వాక్యం చాలు. ‘కైండ్లీ’, ‘సింపథెటిక్’ లాంటివి దాని చుట్టూ పేర్చడం అలవాటు చేయకండి. ఆ దరఖాస్తుకు ‘అండర్ కన్సిడరేషన్’ అని జవాబు వస్తే, పైవాళ్లు దాన్ని చూస్తున్నారు, ఇంకా ఏమీ తేల్చలేదు అని అర్థం. మంజూరు అయిందని అనుకుని పిల్లలు ఇంట్లో చెప్పేస్తారు, ఆ తేడా కూడా వాళ్లకు ముందే చెప్పండి.